పండుకున్నది, లేపకుర్రి

మా బిల్డింగు డాబా మీద ఆ సీరియల్ గురించి మాట్లాడుకోవడం ఎప్పుడు మొదలైందో నాకు సరిగా గుర్తులేదు. ముందు చీరల పని కోసమే పైకి వెళ్ళేవాళ్ళం. గుజరాతీల ఊరైన ఈ బమ్రోలిలో మా గదుల్లో పట్టపగలు కూడా లైటు వేసుకోవాలి. చీర వెనక వేలాడే దారాలు కత్తిరించాలంటే మంచి వెలుతురు కావాలి. అందుకని మధ్యాహ్నం వంటలయ్యాక నీళ్ళ ట్యాంకు నీడలో సంచులు పరుచుకుని నలుగురైదుగురం ఆడవాళ్ళం కూర్చునేవాళ్ళం. అందరం సిరిసిల్ల వైపు నుంచి బతకడానికొచ్చిన మగ్గాల కుటుంబాల వాళ్ళమే. చేతులకు పని ఉన్నా నోటికి ఉండదు కదా. అంతకుముందు నీళ్ళ గురించీ కోడళ్ళ గురించీ నడిచే మాటలు ఆ సీరియల్ వచ్చాక దాని మీదికి మళ్ళాయి.

అందులో ఒక సన్యాసిని, నది పుట్టిన చోటు చూడాలని ప్రవాహానికి ఎదురు నడుస్తూ ఉంటుంది. ఆమె చంకలో ఒక మట్టికుండ ఉంటుంది. దాని మూతికి ఎర్రగుడ్డ కట్టి ఉంటుంది. ఆ కుండను ఆమె నేల మీద పెట్టదు, ఎవరి చేతికీ ఇవ్వదు, గుడ్డ విప్పదు. వెంట ఒక తెల్లకుక్క నడుస్తుంది. దారిలో ఒక్కో ఊళ్ళో ఆగి, అక్కడ ఎవరికో ఉన్న దుఃఖాన్ని రెండు మాటల్లో తీర్చి ముందుకు పోతుంది. హిందీలో తీసినదాన్ని తెలుగు మాటలు వేసి చూపించేవారు.

మాలో పెద్దావిడ ఒకామె పై అంతస్తులో ఉండేది. భజనలు పాడించేది. అందరం పెద్దమ్మ అనేవాళ్ళం. కుక్క అంటే వేదమనీ, నదికి ఎదురు నడవడమంటే శ్వాసను పైకి నడిపించడమనీ, కుండ ఈ శరీరమనీ, ఎర్రగుడ్డ మాయ అనీ ఆమె చెప్పేది. ఆమె చెబుతుంటే కత్తెరలు ఆగిపోయేవి. మా కింద అంతస్తు వదినె మాత్రం ఆ సన్యాసిని అన్నం తినకపోవడానికి కారణం వైరాగ్యం కాదు, ఆ హీరోయిన్ సన్నబడాలనుకోవడమే అనేది. పెద్దమ్మకు కోపం వచ్చేది, మాకు నవ్వు వచ్చేది.

నేను చిన్నప్పుడు ఇక్కడి మున్సిపాలిటీ తెలుగు బడిలో చదువుకున్నాను. తెలుగు గడగడా చదవగలిగేది మాలో నేనొక్కదాన్నే. సీరియల్లో ఏ శ్లోకం వచ్చినా, ఏ గట్టి మాట వచ్చినా అర్థం నన్నడిగేవాళ్ళు. తెలిసింది చెప్పేదాన్ని, తెలియనిది పుస్తకంలో వెతికి మర్నాడు చెప్పేదాన్ని. పెద్దమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. నిజం చెప్పాలంటే ఆ చోటంటే నాకు చాలా ఇష్టంగా ఉండేది. పిల్లలు లేని ఆడదానికి నలుగురిలో కూర్చోవడానికి ఒక చోటు దొరకడం అంత తేలిక కాదు.

వదినె ఫోనులో మా అందరికీ ఒక గ్రూపు పెట్టింది. ఉధ్‌నా, లింబాయత్ వైపు ఉన్న మన వాళ్ళు కూడా అందులో చేరారు. కొందరు మగవాళ్ళు కూడా ఉన్నారు. పొద్దున లేస్తే దేవుళ్ళ బొమ్మలు, మధ్యాహ్నం నుంచి సీరియల్ చర్చ. అందరూ గొంతు మెసేజీలే పెట్టేవాళ్ళు, టైపు చేయడం ఎవరికీ రాదు.

ఒకరోజు ఆ కుండలో ఏముందన్న మాట వచ్చింది. అంతకుముందు రోజు సీరియల్లో ఒక దొంగ ఆ కుండను లాక్కోబోతే, సన్యాసిని దాన్ని గుండెకు అదుముకుని మోకాళ్ళ మీద పడిపోయింది. ఒకరు అమృతమన్నారు. ఒకరు గురువు చితాభస్మమన్నారు. జీవాత్మ అని పెద్దమ్మ తేల్చింది. నేను ఆ రోజు డాబా మీదికి వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేక గదిలోనే దారాలు కత్తిరిస్తూ వాళ్ళ మాటలన్నీ ఫోనులో విన్నాను. నా భర్త పని మీద బయటికి వెళ్ళాడు, ఇంట్లో నేనొక్కదాన్నే. ఆమె ఆ కుండను అదుముకున్న తీరు కళ్ళలోంచి పోవడం లేదు. మైకు గుర్తు మీద వేలు పెట్టి మాట్లాడడం మొదలుపెట్టాను.

ఆ కుండలో ఏమీ లేదన్నాను. ఖాళీ అని నలుగురికీ తెలుస్తుందనే ఆమె దాన్ని దించడం లేదన్నాను. నీకెట్లా తెలుసని ఎవరూ అడగకముందే, ఎట్లా తెలుసో చెప్పాను.

ఇరవై ఏళ్ళ కిందటి మాట అది. అప్పుడు మేం వేరే వాడలో ఉండేవాళ్ళం. నాకు ఆడపిల్ల పుట్టింది గానీ ఏడవలేదు. గుడ్డలో చుట్టి ముఖం మాత్రం చూపించారు. పొద్దున్నే నా భర్త బిడ్డను తీసుకుని వెళ్ళిపోయాడు. ఊరి నుంచి రావలసిన అత్తమ్మ రైలు ఇంకా రాలేదు. ఆసుపత్రిలో పని చేసే ఒకామె నన్ను ఆటో ఎక్కించి పంపించింది. బిడ్డ కోసమని నేను కుట్టుకున్న చిన్న బొంత నా సంచిలో ఉంది. ఆటో మా వాడ మలుపు తిరిగేసరికి గడప దగ్గర, కాన్పయిందన్న కబురు మాత్రమే అందిన ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. దిష్టి తీయడానికి ఎర్రనీళ్ళు కలిపి పెట్టుకున్నారు. అందరూ నవ్వుతున్నారు. నేను సంచిలోంచి బొంత తీసి, చుట్టి, భుజానికి ఆనించుకుని పైన కొంగు కప్పుకున్నాను. ఎందుకు అట్లా చేశానో నాకు ఇప్పటికీ తెలియదు. దిగగానే ఒకామె కొంగు పట్టుకుని చూడబోయింది. "పండుకున్నది, లేపకుర్రి" అన్నాను. వాళ్ళు నా మాట నమ్మి గొంతులు తగ్గించారు. నాకూ ఆ బొంతకూ కలిపి దిష్టి తీశారు.

సాయంత్రం ఒక ముసలామె లోపలికి వచ్చి, మంచం మీది బొంతను ఎత్తి చూసి, మళ్ళీ అట్లాగే కప్పి బయటికి వెళ్ళిపోయింది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. ఎవరైనా తిట్టి ఉంటే ఆ వాడలో ఉండగలిగేదాన్నేమో. కొద్ది రోజుల్లోనే గది ఖాళీ చేసి బమ్రోలికి వచ్చేశాం. తర్వాత మాకు పిల్లలు కలగలేదు.

ఇదంతా ఆ మెసేజీలో చెప్పాను. వేలు తీయగానే అది వెళ్ళిపోయింది. వెళ్ళాక గానీ నేనేం చేశానో తెలియలేదు. తీసేయడం ఎట్లాగో నాకు తెలియదు. చూస్తుండగానే నీలం గుర్తులు పడ్డాయి. ఒకరు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. ఆ తర్వాత ఎవరో కుక్క మీద తమ సందేహం అడిగారు. నా మెసేజీ పైకి జరుగుతూ పోయి కనబడకుండా అయింది. ఆ రోజంతా నేను ఫోను బోర్లా పెట్టుకుని పని చేసుకున్నాను.

కొన్ని రోజులకు పాండెసరాలో కూరగాయల బండి దగ్గర నిలబడి ఉన్నాను. పక్కన ముగ్గురు కుర్రవాళ్ళు. ఒకడు ఆపిన మోటారు సైకిలు మీద తల వాల్చి కునుకుతున్నాడు. ఇంకొకడు వాణ్ణి తట్టబోతే మూడోవాడు వారించి, ముసలి గొంతు పెట్టి "పండుకున్నది, లేపకుర్రి" అన్నాడు. ఇద్దరూ పడిపడి నవ్వారు. వాడు ఫోను తీసి నొక్కాడు. డప్పు చప్పుడు, దాని మధ్య ఒక ఆడగొంతు అదే మాటను మూడుసార్లు అంది. తెర మీద ఎర్రగుడ్డ కట్టిన కుండ ఊగుతోంది. చివర గురక.

నా గొంతు బయటి నుంచి వింటే ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. కానీ 'లేపకుర్రి' అన్నప్పుడు చివర ఒక సాగదీత ఉంది, అది మా అమ్మది. దాన్ని పట్టి గుర్తుపట్టాను. ఏరుతున్న చిక్కుడుకాయలను బండి మీద అట్లాగే వదిలేసి, కొంగు తల మీదికి లాక్కుని, ఎప్పుడూ నడవని సందుల్లోంచి ఇంటికి వచ్చాను. నా ముఖం ఎవరికీ తెలియదని నాకు తెలుసు. అయినా ఎదురొచ్చే ప్రతివాళ్ళ ముఖంలోనూ నవ్వు వెతుక్కుంటూ నడిచాను.

అప్పటికే అది మన వాళ్ళ పిల్లల ఫోనులన్నిటిలో తిరుగుతోందట. ఎవరైనా బడికి లేటయితే, పనిలో కునికితే, కరెంటు పోయి మగ్గాలు ఆగితే కూడా అదే మాట అంటున్నారట. ఇదంతా నాకు పెద్దమ్మ చెప్పింది. నేను డాబా మీదికి వెళ్ళడం మానేశాక ఆమే దిగి వచ్చింది. ఆమె చెడ్డ మనిషి కాదు. నా పక్కన కూర్చుని మెల్లగా అంది.

"నేను దేవుని మాట మాట్లాడుతుంటె నువ్వు కాన్పు గది ముచ్చట తెస్తివి బిడ్డా. గ్రూపుల మొగోళ్ళు గూడ ఉన్నరు. గిట్లాంటియి కడుపుల పెట్టుకోవాలె గద."

నేను తల ఊపాను. ఆమె చెప్పింది నాకు కొత్త కాదు, ఇరవై ఏళ్ళుగా నేను చేస్తున్నది అదే. ఆమె వెళ్ళాక తలుపు వేసుకుని, బల్బు కింద కూర్చుని చీరలు ముందేసుకున్నాను. కుర్రవాళ్ళు నవ్వినందుకు కలిగిన సిగ్గు ఒక రకం. పెద్దమ్మ మాటతో కలిగింది వేరు. జీవాత్మ అని అందరూ చేతులు జోడిస్తున్న చోట నేను నా బాలింత బట్టలు విప్పి చూపించినట్టు అనిపించింది.

నా భర్తకు చెప్పలేదు. ఆయన జోల్వాలో ఒక ఖాతాలో మగ్గాలు నడుపుతాడు. ఖాతా అంటే మగ్గాల షెడ్డు, ఇక్కడ అందరూ అట్లాగే అంటారు. రాత్రి పాళీ చేసి పొద్దున ఇంటికి వస్తాడు. మగ్గాల మోతలో పని చేసీ చేసీ ఆయన చెవులు మందగించాయి, మాటలు కూడా తగ్గాయి. ఆయన దాకా ఇది పోదని నన్ను నేను నమ్మించుకున్నాను.

ఒక పొద్దున ఆయన వచ్చి, చెప్పులు విప్పి, చాయ్ గ్లాసు ముందు పెట్టుకుని తాగకుండా కూర్చున్నాడు. గోడ వైపు చూస్తూ అన్నాడు.

"ఖాతాల పోరగాళ్ళు ఫోన్ల ఒకటి పెట్టిండ్రు. అందరు నవ్విండ్రు. నాకు తెలిసింది, అది నీ గొంతని. నేను గూడ నవ్విన."

నేను పొయ్యి ఆపేశాను.

"నా భార్య గొంతురా అది అని చెప్పుదామనుకున్న. నోరు రాలె," అన్నాడు.

నాకు కోపం వస్తుందేమో అనుకున్నాను, రాలేదు. నా వల్ల ఆయన అంతమందిలో తన ముఖాన్ని తానే దాచుకోవలసి వచ్చిందే అనిపించింది. ఆయన వైపు చూడలేక గ్లాసు మీద తేలిన మీగడను చూస్తూ ఉన్నాను. ఆయనా నేనూ ఆ బిడ్డ గురించి ఈ ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. ఆ రోజు వాడలో నేను చేసింది ఆయనకు ఎవరో చెప్పే ఉంటారు. ఆయన అడగలేదు. నేనూ ఆయన్ని అడగవలసింది అడగలేదు. ఇంక దాచడానికి ఏముందనిపించి ఆ పొద్దున అడిగాను.

"బిడ్డను యాడ పెట్టినవ్?"

చెప్పాడు. ఆసుపత్రి వాళ్ళు పక్కనున్న ఖాడీ, అంటే మురుగుకాలువ, ఒడ్డు చూపించారట. ఖాడీలో మిల్లుల రంగునీళ్ళు పారుతున్నాయి, కుక్కలు తిరుగుతున్నాయి. అక్కడ పెట్టబుద్ధి కాలేదు. ఈ ఊళ్ళో మాకు మట్టి ఎక్కడుంది? అంతకుముందు ఎప్పుడో పని కోసం బార్డోలీ వెళ్ళినప్పుడు అక్కడ చెరకు తోటలు, కాలువ చూశాడు. అదొక్కటే ఆయనకు తెలిసిన పచ్చని చోటు. బిడ్డను తువ్వాలలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని బార్డోలీ బస్సు ఎక్కాడు. పక్క సీట్లో ఒక ముసలాయన, ఎండ తగులుతోందని కిటికీకి తన పైపంచె అడ్డం పట్టాడట. తల్లి ఏదని అడిగాడట. ఆసుపత్రిలో ఉందన్నాడట.

"బిడ్డ సప్పుడు చేస్తలేదేందని అడిగిండు. పండుకున్నదని చెప్పిన," అన్నాడు. "దిగేదాక ఆ ముసలాయన పంచె అట్లనే పట్టుకున్నడు."

ఆయన చాయ్ చల్లారిపోయింది. మళ్ళీ వేడి చేసి ఇచ్చాను. తాగి పడుకున్నాడు. నేను గడపలో కూర్చుని ఆ రోజంతా ఏ పనీ చేయలేదు.

ఆ వారంలోనే వదినె తన కూతుర్ని తీసుకుని వచ్చింది. ఆ పిల్ల ఇక్కడే పుట్టి పెరిగింది, కాలేజీలో చదువుతోంది. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గానీ స్నేహితులతో అంతా హిందీ, గుజరాతీయే. మన ఆడవాళ్ళ మాటలను అనుకరించి చిన్న చిన్న వీడియోలు చేస్తుందని నాకు తెలుసు, ఒకటి రెండు చూసి నేనూ నవ్వాను. ఇది కూడా ఆమె చేసిందేనని మాత్రం నాకు తోచలేదు. గదిలోకి రాకుండా గుమ్మంలోనే నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఆంటీ, నాకు అంతా తెల్వలే. మమ్మీ ఫోన్ల జర్రంత ఇన్న. మట్కా, గా కుండ గురించే చెప్తున్నరు అనుకున్న. ఫన్నీ లగా, డాల్ దియా." నవ్వొచ్చింది కాబట్టి పెట్టేశానని అర్థం.

వదినె అందుకుని, అంత పొడుగుందని తను కూడా అది చివరిదాకా వినలేదని చెప్పింది. బిల్డింగులో ఎవరో గుసగుసలాడుకుంటే అప్పుడు తల్లీకూతుళ్ళు కూర్చుని మొత్తం విన్నారట. కొన్ని మాటలకు కూతురికి వదినె అర్థం చెప్పవలసి వచ్చిందట. ఆ మాట నన్ను ఇంకో రకంగా పొడిచింది. గ్రూపులో అంతమంది ఉంటే నేను చెప్పింది పూర్తిగా విన్నది బహుశా పెద్దమ్మ ఒక్కతే.

ఆ పిల్ల తన వీడియో తీసేసింది. కానీ అప్పటికే ఎవరెవరో దాన్ని తమదిగా చేసుకుని పెట్టుకున్నారు, వాటిని తీయడం తన చేతిలో లేదు. క్షమాపణ చెబుతూ ఇంకో వీడియో పెడతానంది. వద్దన్నాను. అది పెడితే ఆ గొంతు ఎవరిదో తెలియని వాళ్ళకు కూడా తెలుస్తుంది. ఆమె నా కాళ్ళకు దండం పెట్టబోయింది. నేను వెనక్కి జరిగాను. నా బిడ్డ బతికి ఉంటే ఈ పిల్లకంటే రెండు మూడేళ్ళు పెద్దదయ్యేది. అంత చిన్నపిల్ల నా ముందు అట్లా కుమిలిపోతుంటే నేనే ఏదో తప్పు చేసినట్టు అయింది. లోపలికి పిలిచి కూర్చోబెట్టి ఇద్దరికీ చాయ్ పెట్టాను.

ఆయనకు సెలవు దొరికిన రోజు ఇద్దరం బార్డోలీ బస్సు ఎక్కాం. ఎందుకు వెళ్తున్నామో అనుకోలేదు. ఊరి బయట దిగి, చెరకు బండ్లు పోయే రోడ్డు వెంట నడిచాం. కాలువకు ఇప్పుడు సిమెంటు చేశారు. గట్టును వెడల్పు చేసి దాని మీద రోడ్డు వేశారు. ఒక చిన్న వంతెన పక్కన పెట్టానని ఆయనకు గుర్తు. అక్కడ అట్లాంటివి చాలా ఉన్నాయి. ఆయన ఒక్కోదాని దగ్గర ఆగడం, కిందికి దిగడం, చుట్టూ చూడడం, తల అడ్డంగా ఊపి పైకి రావడం. నేను ఎండలో నిలబడి చూస్తున్నాను. చివరికి ఒక వంతెన మీద కూర్చుండిపోయి, చెప్పులో ఇసుక పడ్డట్టు చెప్పు విప్పి దులుపుతూ ఉన్నాడు. అందులో ఇసుక ఏమీ లేదు.

పక్క తోటలో చెరకు కొడుతున్న వాళ్ళలోంచి ఒకామె మా వైపు వచ్చింది. డాంగ్స్ అడవుల వైపు మనిషిలా ఉంది. ఏం వెతుకుతున్నారని అడిగింది. ఆయన గబుక్కున లేచి, ఏమీ లేదు, ఊరికే వచ్చాం అన్నాడు. అట్లా అన్నాక నా వైపు చూశాడు. నేను నాకు వచ్చిన హిందీలో, మా బిడ్డను ఇక్కడే ఎక్కడో పెట్టాం, చోటు దొరకడం లేదు అన్నాను. ఈ మాట బయటి మనిషికి ఎదురుగా నిలబడి చెప్పడం నాకు అదే మొదటిసారి. చెప్పేటప్పుడు ఆమె ముఖం చూడలేకపోయాను, ఆమె చేతిలో కత్తిని చూస్తూ చెప్పాను. ఆమె జాలి మాటలేవీ అనలేదు. ఎన్నేళ్ళయిందని అడిగింది. చెప్పాను. గట్టు మట్టిని రోడ్డు వేసేటప్పుడు యంత్రాలతో అటూ ఇటూ నెట్టారనీ, ఎక్కడిది ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదనీ చెప్పింది. తర్వాత వెళ్ళి ఒక సీసాతో నీళ్ళు తెచ్చి ఇచ్చి పనిలోకి పోయింది. ఆ నీళ్ళు సగం తాగి, మిగిలినవి ఆయన గట్టు మీద పోశాడు. బస్సు టైము అవుతోందని లేచాం.

సీరియల్ అయిపోయింది. చివరి రోజు కుండ గుడ్డ విప్పితే అందులోంచి వెలుగు వచ్చిందట, వదినె చెప్పింది. పెద్దమ్మ చాలా సంతోషపడిందట. నేను చూడలేదు. ఆ వీడియో కూడా పాతబడి, పిల్లలు ఇంకేవో మాటలు పట్టుకున్నారు. నేను మళ్ళీ డాబా మీదికి వెళ్తున్నాను. పెద్దమ్మ పలకరిస్తుంది, కానీ అర్థాలు నన్ను అడగదు. నేను మెట్ల పక్కన కూర్చుంటాను. గ్రూపులో ఉన్నాను గానీ అందులో మాట్లాడను. వెనక ఎవరైనా నవ్వితే ఇప్పటికీ నా మెడ వేడెక్కుతుంది. సిగ్గు పోతుందని ఎవరైనా అంటే నాకు నమ్మకం లేదు.

ఆయన మాత్రం అప్పుడప్పుడు ఆ బస్సు ప్రయాణం గురించి ఒక ముక్క చెబుతున్నాడు. అడగకుండానే, ఏదో పని చేసుకుంటూ. తువ్వాల పసుపు రంగుదని ఒకసారి. కండక్టరు బిడ్డకు టికెట్ వద్దన్నాడని ఒకసారి. మొన్న పొద్దున అన్నం తింటూ తింటూ చెప్పాడు.

"తువ్వాల జారితె సూసిన. బిడ్డకు తలనిండ జుట్టుండె."

నాకు ఆ సంగతి తెలియదు. ఆసుపత్రిలో తలకు గుడ్డ చుట్టి చూపించారు. ఆయన తల వంచుకుని తింటూనే ఉన్నాడు. పప్పు వేయనా అని అడిగాను. కొంచెం వేయమన్నాడు.